తూము తాళం ఎవరి చేతిలో ఉంది?

తెలుగులో రాయడం ఎలా అన్న సమస్యను మనం దాదాపుగా గెలిచాం. అక్షరాల స్థానంలో డబ్బాలు దర్శనమిచ్చిన రోజులు, విండోసు ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల మద్దతును సీడీ పెట్టి మరీ ఎక్కించుకున్న రోజులు గతించాయి. ఇవాళ రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు దించే మనిషి కూడా తన ఫోనులో తెలుగు చదువుకుంటున్నాడు. రాయడానికి బద్ధకమైతే నోటితో చెప్పి రాయించుకుంటున్నాడు. అయితే, రాసిన మాటను ఒక చోటి నుండి ఇంకొక చోటికి మోసుకుపోయే యంత్రాంగం సంగతేమిటి? దాన్ని కట్టడానికి కావలసిన విజ్ఞానం ఏ పత్రాల్లో ఉంది, ఆ పత్రాలు ఎక్కడ దొరుకుతాయి, వాటిని తెలుగువాడి అవసరానికి తగ్గట్టు ఎలా చదువుకోవాలి? ఈ విషయంలో మనం ఇంకా గట్టు మీదే నిలబడి ఉన్నామని నా అభిప్రాయం.

"సందేశాలు పంపే సాఫ్టువేరు ఒకటి రాద్దామనుకుంటున్నానండీ, ఏపీఐలు ఎక్కడ దొరుకుతాయి?" అని కోనసీమ కుర్రవాళ్ళు అడుగుతూ ఉంటారు. నాలుగు లంకెలు చేతిలో పెట్టి పంపేయడం తేలిక. కానీ ఆ నాలుగు లంకెల్లో రెండు ఏడాది తిరక్కుండానే చచ్చిపోతాయి. కనుక "ఎక్కడ దొరుకుతుంది?" అన్న ప్రశ్న కన్నా ముందు "అది ఎవరిది?" అన్న ప్రశ్న వేసుకోవాలని నా వాదన.

ఏపీఐ అన్న మాటకు పారిభాషిక పదం వెతికే పని ఇక్కడ పెట్టుకోను. డెల్టాలో పుట్టినవాడికి అది తూము అని చెబితే చాలు. ఆనకట్టకు ఎన్ని తలుపులున్నాయో, కాలువ ఎన్ని మైళ్ళు పారి వచ్చిందో పొలంలో నిలబడిన రైతుకు తెలియనక్కరలేదు. తన తూము ఎక్కడుంది, ఎప్పుడు తెరుస్తారు, తెరిస్తే ఎంత నీరు వస్తుంది అన్నవి తెలిస్తే సేద్యం సాగుతుంది. ప్రోగ్రామూ అంతే, అవతలి సర్వరు లోపలి గుట్టు తెలియకుండానే, ఈ విధంగా అడిగితే ఈ విధంగా జవాబు వస్తుందన్న ఒడంబడిక మీద పని చేయించుకుంటుంది. తూముకు తాళం ఉన్నట్టే ఏపీఐకి కీ ఉంటుంది. నీరు తక్కువైన ఏడు వంతులు పెట్టినట్టే, నిమిషానికి ఇన్నిసార్లు మాత్రమే పిలవాలన్న హద్దు ఉంటుంది. ఇక డాక్యుమెంటేషను అంటారా, కాలువ మీద తిరిగే లస్కరు బుర్రలో ఉన్న వివరమంతా కాగితం మీద పెడితే అదే. లస్కరు బదిలీ అయినా తూము తెరవగలగాలి. అందుకే ఆ కాగితం.

తూముల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఒక సంస్థ సొంతం. అది తెరవమంటే తెరుస్తుంది, మూయాలనుకుంటే మూస్తుంది. రెండోది ఒప్పందం. పలువురు కూర్చుని, సందేశం ఈ రూపంలో ఉండాలి, జవాబు ఈ రూపంలో రావాలి అని రాసుకుని లోకానికి ప్రకటించినది. దీన్ని ప్రోటోకాలు అంటాం. మొదటిదాని పత్రాలు తళతళలాడుతూ ఉంటాయి; ఉదాహరణలుంటాయి, పది భాషల్లో నమూనా కోడు ఉంటుంది. రెండోదాని పత్రాలు బోసిగా, వకీలు నోటీసులా ఉంటాయి. కొత్తవాడు సహజంగా మొదటిదాని వైపే పోతాడు. పోవద్దని నేననను. కానీ చరిత్ర ఏం చెబుతోందో చూసి వెళ్ళాలి.

యాహూ మెసెంజరును గుర్తు చేసుకోండి. ప్రవాసంలో ఉన్న పిల్లలతో మన ఊళ్ళ తల్లిదండ్రులు ఇంటర్నెట్టు సెంటర్లలో కూర్చుని మాట్లాడింది చాలావరకు దాని మీదే. దాని ప్రోటోకాలును యాహూ లోకానికి విడమరచి చెప్పలేదు. గెయిమ్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు రాసినవారు తీగ మీద పోయే బైట్లను గమనించి, ఏది ఏమిటో ఊహించి, పని చేయించారు. అవతల సర్వరులో చిన్న మార్పు జరిగితే ఇవతల అంతా కూలేది. మళ్ళీ మొదటి నుండి ఊహించేవారు. ఆ గెయిమే ఏవోఎల్ సంస్థతో వచ్చిన పేరు తగవు వల్ల 2007లో పిడ్జిన్ అయింది. చివరికి 2018 జులై 17న యాహూ మెసెంజరే మూతపడింది. ఐసీక్యూ 2024 జూన్‌లోనూ, స్కైపు 2025 మే నెలలోనూ అదే దారి పట్టాయి.

గూగుల్ టాక్ కథ ఇంకా గుణపాఠం. 2005 ఆగస్టులో అది వచ్చినప్పుడు ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ ప్రోటోకాలు మీద వచ్చింది. జెరెమీ మిల్లర్ 1999లో మొదలుపెట్టిన జాబర్ ప్రాజెక్టు నుండి పుట్టిన ప్రోటోకాలు అది. 2004లో అధికారిక పత్రాలుగా వెలువడింది. 2006 జనవరి నుండి ఇతరుల సర్వర్లతో కూడా గూగుల్ టాక్ మాట్లాడింది. ఎవరి సర్వరు వాళ్ళు పెట్టుకుని, అయినా అందరితో మాట్లాడవచ్చునని మనమంతా సంతోషించాం. 2013లో హ్యాంగౌట్సు రాగానే ఆ తలుపు మూసుకోవడం మొదలైంది. 2022 జూన్‌తో గూగుల్ టాక్ పూర్తిగా పోయింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గూగుల్ వెళ్ళిపోయినా ఎక్స్‌ఎంపీపీ పోలేదు. దాని పత్రాలు, 2011లో సవరించిన రూపంలో, ఇవాళ్టికీ ఎవరైనా చదువుకోవచ్చు. వాటిని బట్టి రాసిన సర్వర్లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. యాహూ ప్రోటోకాలు మీద పెట్టిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది. ఎక్స్‌ఎంపీపీ మీద పెట్టినది కాలేదు.

ఇంటర్నెట్టు పత్రాల సంప్రదాయం గురించి ఒక్క మాట. ఆర్‌ఎఫ్‌సీలు అనే ఆ వరుసలో మొదటిదాన్ని స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో రాశాడు. పేరుకు అవి అభిప్రాయాలు చెప్పమని కోరే చీటీలు మాత్రమే. ఒకసారి సంఖ్య వేసి వెలువరించాక ఆ పత్రాన్ని మార్చరు. మార్పు కావాలంటే కొత్త సంఖ్యతో కొత్త పత్రం రాస్తారు. ఈమెయిలు పంపే పద్ధతి 1982లో 821వ పత్రం, 2001లో 2821, 2008లో 5321. వరుసగా చదివితే ఏది ఎప్పుడు మారిందో తెలుస్తుంది. ఐఆర్‌సీ వివరం 1993 నాటి 1459వ పత్రంలో ఉంది. ఒక కుర్రవాడు దాన్ని ముందు పెట్టుకుని వారం రోజుల్లో పనిచేసే చిన్న చాటు ప్రోగ్రాము ఇవాళైనా రాసుకోగలడు. ముప్పై ఏళ్ళు దాటిన కాగితం ఇంకా పనికొస్తోందంటే అది డాక్యుమెంటేషను. ఈ దారిలో తరువాత వచ్చిన మేట్రిక్సు ప్రోటోకాలు 2014లో మొదలై, 2019లో స్థిరరూపం దిద్దుకుంది. ఫ్రాన్సు ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం తెచ్చుకున్న సందేశ వ్యవస్థను దాని మీదే కట్టుకుంది.

నన్నడిగితే మన తెలుగువాళ్ళకు ఈ సంప్రదాయం కొత్తది కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ ఏమిటి? ఏడు బిట్లు మాత్రమే క్షేమంగా పోయే ఈమెయిళ్ళలో తెలుగును ఎలా పంపాలన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకున్న ఒక పట్టిక. అవతలివాడి దగ్గర ఖతి లేకపోయినా మాట చేరేది. నా దృష్టిలో అది మన తొలి తెలుగు ప్రోటోకాలు. ఆ పట్టిక రాసిపెట్టి ఉంది గనుక తరువాతివాళ్ళు దాన్ని వాడుకున్నారు. నాగార్జున వెన్న 'పద్మ' మూలాన్ని తెరిచిపెట్టారు గనుక వీవెన్ చేతిలో 2006లో 'లేఖిని' రూపుదిద్దుకుంది. పట్టిక ఎవరి సొరుగులోనో తాళం వేసి ఉండి ఉంటే మనం ఇవాళ ఇలా రాసుకునేవాళ్ళమా?

* * *

ఇక అసలు కష్టం దగ్గరికి వద్దాం. పత్రం దొరికినా, అది తెలుగును దృష్టిలో పెట్టుకుని రాసినది కాదు. ఎస్సెమ్మెస్సును తీసుకోండి. ఏ సంస్థ ఏపీఐ పత్రం తెరిచినా "160 అక్షరాలు" అని ఉంటుంది. ఎక్కడో కింద, "యూనికోడు అయితే 70" అని ఉంటుంది. ఎందుకు 70? దానికి ఆ పత్రం జవాబు చెప్పదు. జవాబు కోసం ఎగువకు వెళ్ళాలి. మొబైలు ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి 23.040, 23.038 అనే రెండు పత్రాల్లో ఉంది. అవి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఒక సందేశంలో పట్టేది 140 బైట్లు. ఆంగ్ల అక్షరం ఏడు బిట్లలో ఇముడుతుంది కనుక 160. తెలుగు వర్ణానికి రెండేసి బైట్లు కనుక 70. సందేశం అంతకు మించితే ముక్కలవుతుంది. ముక్కలను అతికించే సమాచారం కోసం ప్రతి ముక్కలోనూ ఆరు బైట్లు పోయి, ముక్కకు 67 మిగులుతాయి.

అక్షరం అంటే ఏమిటన్నది ఇంకో చిక్కు. రావులపాలెం అన్న మాట మన కంటికి ఐదు అక్షరాలు. యూనికోడు లెక్కలో పది. ధవళేశ్వరం మన కంటికి ఐదు; యంత్రానికి తొమ్మిది, ఎందుకంటే వత్తుకు ముందు పొల్లు ఒకటి, ఏత్వం, సున్నా విడివిడిగా లెక్కకు వస్తాయి. ఇప్పుడు ఈ సందేశం చూడండి: "ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 13.75 అడుగులు. రెండో ప్రమాద హెచ్చరిక జారీ." చుక్కలతో, ఖాళీలతో కలిపి సరిగ్గా 67 వర్ణాలు. ఒక సందేశంలో సరిపోయింది. దీని తరువాత "లంకవాసులు ఒడ్డుకు రావాలి" అన్న ఒక్క ముక్క చేర్చారా, రెండు సందేశాలు, రెట్టింపు ఖర్చు. ఇదే మాట ఇంగ్లీషులో ఒక సందేశంలో సుఖంగా ఇముడుతుంది. అందుచేత డబ్బు చూసుకునే ప్రతివాడూ ఇంగ్లీషులోనే పంపుతాడు. తెలుగు మీద ప్రేమ లేక కాదు, పత్రంలోని ఆ 70 అన్న అంకె వల్ల.

మరి ఆ ప్రమాణాలు రాసినవాళ్ళు మనల్ని మరిచిపోయారా అంటే, లేదు. అదే 23.038 పత్రం చివర జాతీయ భాషల పట్టికలున్నాయి. టర్కిష్, స్పానిష్, పోర్చుగీసు తరువాత భారతీయ భాషలు. అందులో తెలుగు పన్నెండవది. ఆ పట్టిక వాడితే తెలుగు వర్ణం కూడా ఏడు బిట్లలోనే ఇమిడి, ఒక సందేశంలో 150కి పైగా పడతాయి. కాగితం మీద మన హక్కు ఉంది. వాడుకలో మాత్రం 70 లెక్కే నడుస్తోంది. ఫోను చేసేవాడు, నెట్‌వర్కు నడిపేవాడు, ఏపీఐ అమ్మేవాడు ముగ్గురూ అమలు చేస్తే తప్ప ఆ పట్టికకు ప్రాణం రాదు. అడిగేవాడు లేనిదే వాళ్ళు చేయరు; పత్రం చదవనివాడు అడగలేడు.

మా బంధువుల్లో ఒకాయనకు అరటితోట ఉంది. చుట్టుపక్కల పాతికమంది రైతులకు ఆ రోజు చక్కెరకేళి గెల ఎంత పలికిందో, బొంత ఎంత పలికిందో ఉదయాన్నే తెలుగులో పంపితే బాగుంటుందని ఆయన కోరిక. సందేశాలు పంపిపెట్టే ఒక మధ్యవర్తి సంస్థ దగ్గర ఖాతా తెరిచారు. మొదటి రోజు అందరి ఫోన్లలోనూ వరుసగా ప్రశ్నార్థకాలు. వారి పత్రంలో ఉదాహరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. యూనికోడు సందేశమని తెలిపే చిన్న గుర్తు ఒకటి విడిగా పంపాలన్న సంగతి ఆఖరి పేజీలో, పొరపాటు సంఖ్యల పట్టిక కింద, ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం దొరికేదాకా పాతికమంది రైతులు మూడు రోజులు ప్రశ్నార్థకాలే చదువుకున్నారు. ఇది పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఆ సందేశం అరటి ధర కాక వరద హెచ్చరిక అయితే?

సాంకేతిక పత్రాలతో పని అయిపోదు, చట్టం కూడా ఒక పత్రమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార సందేశం పంపేవాడు తన పేరును, పంపే వాక్యం నమూనాను ముందుగా నమోదు చేసుకోవాలి. మారే భాగాలకు ఖాళీలు వదలాలి. మిగిలిన వాక్యం నమూనాతో సరిపోలాలి. సరిపోలని సందేశాలను ఆపడం 2021 మార్చి 8న మొదలుపెట్టగానే బ్యాంకుల ఓటీపీలు సైతం జనానికి చేరక గగ్గోలు పుట్టింది. ట్రాయ్ ఆ అమలును వారం రోజులు నిలిపివేయవలసి వచ్చింది. పెద్ద పెద్ద బ్యాంకుల గతే అదైతే, పాతిక మంది అరటి రైతుల సంగతి చెప్పేదేముంది?

సరిపోలడం అన్న మాట దగ్గర తెలుగుకు ఇంకో గొయ్యి ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట, వ కలిసిపోకుండా కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి వేస్తాం. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకటి వేయదు. ఐత్వాన్ని యూనికోడులో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, కింది గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, బైట్లు వేరు. ముందుగా ఒక రూపానికి మార్చుకోకుండా పోల్చి చూసే ప్రోగ్రాముకు ఇవి రెండు వేర్వేరు మాటలు. ఈ సంగతి యూనికోడు వారి పత్రాల్లో శుభ్రంగా ఉంది. సందేశాల ఏపీఐ పత్రంలో ఉండదు. రెండింటినీ కలిపి చదివేవాడు కావాలి. అతడు తెలుగు రాసేవాడై ఉండాలి.

* * *

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలు ప్రారంభించింది. మొదటి రోజు 161 సేవలు. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పిస్తే మంచిదే, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఆ తూము మెటా సంస్థది. వాట్సాప్ వారు వ్యాపార ఏపీఐని 2018లో తెచ్చారు. 2022లో తమ సర్వర్ల మీదే నడిచే రూపం తెచ్చారు. సొంత సర్వరులో పెట్టుకునే పాత దారిని 2025లో మూసివేశారు. సంభాషణకు ఇంత అన్న ధరల పద్ధతి పోయి, 2025 జులై నుండి సందేశానికి ఇంత అన్న పద్ధతి వచ్చింది. ఏడేళ్ళలో ఇన్ని మార్పులు. ప్రతి మార్పుకూ కోడు తిరగరాసుకోవలసింది మనమే. 2023లో ట్విట్టరు తన ఉచిత ఏపీఐని కుదించి, చదువుకోవడానికి కూడా రుసుము పెట్టగానే వాతావరణ హెచ్చరికలు చెప్పే స్వయంచాలక ఖాతాలు కొన్ని దేశాల్లో ఇబ్బంది పడిన సంగతి మరువరాదు.

వాట్సాప్ వద్దనడం నా ఉద్దేశం కాదు. జనం అక్కడున్నారు కనుక అక్కడికి వెళ్ళాలి. కానీ వాట్సాప్ వెనకాల ఉన్న ప్రభుత్వ సేవకే ఒక బహిరంగ ఏపీఐ, దానికి తెలుగులో ఒక పత్రం ఉంటే, రావులపాలెం కుర్రవాడు ఇంకో వాహకం మీద అదే సేవను అందించగలడు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ప్రభుత్వ ఏపీఐలు బహిరంగంగా ఉండాలని, నమూనా కోడుతో సహా వివరాలు ఉచితంగా ఇవ్వాలని, కనీసం రెండు పాత వెర్షన్లకు అనుకూలంగా ఉండాలని కేంద్రప్రభుత్వం 2015లోనే విధానపత్రం ప్రకటించింది. 2020లో ఏపీఐ సేతు అనే వేదికనూ పెట్టింది. ఆ విధానాన్ని చదివి, ఫలానా సేవకు పత్రం ఏదీ అని అడిగే పౌరుడే కరువు.

వరద సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే మా ప్రాంతంలో సమాచార సాఫ్టువేరుకు అంతకన్నా గట్టి పరీక్ష లేదు. రావులపాలెం గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉంది. ఒక పక్క జొన్నాడ వైపు వంతెన, ఇంకో పక్క సిద్ధాంతం వంతెన. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో 25 లక్షలకు పైగా. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరేలోగా చేతిలో ఉండేవి కొన్ని గంటలు. లంకల్లోని పశువులను ఒడ్డుకు తోలాలన్నా, కోతకొచ్చిన గెలలు నరికి తెచ్చుకోవాలన్నా ఆ గంటలే ఆధారం.

ఇలాంటి హెచ్చరికల కోసం లోకమంతటా ఒప్పుకున్న ఒక రూపం ఉంది. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అంటారు. 2004లో వచ్చింది, 2010లో సవరించారు. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సీ-డాట్ కట్టిన 'సచేత్' దీని మీదే నడుస్తుంది. 2023లో మన ఫోన్లు ఒక్కసారిగా గగ్గోలు పెట్టిన ప్రయోగాత్మక సందేశాలు గుర్తున్నాయా, అవి ఆ యంత్రాంగాన్ని పరీక్షించడానికి పంపినవే. ఈ ప్రోటోకాలులో ఒక హెచ్చరికకు ఎన్ని భాషల్లోనైనా విడివిడి భాగాలు పెట్టవచ్చు. ప్రతి భాగానికీ భాష పేరు రాయాలి. రాయకపోతే? అది అమెరికా ఇంగ్లీషు అనుకోవాలని పత్రంలోనే ఉంది. ఒక్క గుర్తు మరిచిపోతే, చక్కని తెలుగు హెచ్చరికను యంత్రం ఇంగ్లీషనుకుని, ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. చదువురాని ముసలమ్మకు ఆ ఫోను ఏం చెప్పినట్టు? ఈ వాక్యం ఆ పత్రంలో ఉందని తెలిసినవాడు మండలానికి ఒక్కడుంటే చాలు.

ఊరి పేర్ల గొడవ వేరే. రావులపాలెం అన్న పేరును ఆంగ్లంలో ఎన్ని వర్ణక్రమాలతో రాస్తారో లెక్క లేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. మనం తూర్పుగోదావరి నుండి కోనసీమ జిల్లాకు వచ్చాం. పాత జిల్లా పేరుతో రాసుకున్న ప్రోగ్రాములు మన ఊరిని ఇంకా తూర్పుగోదావరి లెక్కలోనే వెతుకుతాయి. పేరు బదులు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి స్థానిక సంస్థల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఉన్న సంఖ్యను వాడుకోవడం ఒక్కటే దారి. అదీ ఒక పత్రమే, అదీ వెతికితేనే దొరుకుతుంది.

* * *

కనుక వెతికేవారికి నేను చెప్పే పద్ధతి ఇది. ముందు తూము యజమాని ఎవరో తెలుసుకోండి, సంస్థా, ఒప్పందమా? ఎవరో రాసిన సారాంశంతో సరిపెట్టుకోకుండా ఎగువనున్న మూలపత్రం దాకా వెళ్ళండి. పత్రం మీద వెర్షనూ తేదీ చూడండి. మార్పుల జాబితా లేని పత్రాన్ని నమ్మకండి. ఉదాహరణల కన్నా ముందు హద్దులు, పొరపాటు సంఖ్యలు చదవండి, నిజం అక్కడ దాక్కుంటుంది. పత్రం అస్పష్టంగా ఉంటే, ఆ ప్రోటోకాలును అమలు చేసిన స్వేచ్ఛా సాఫ్టువేరు మూలాన్ని తెరవండి; కోడు అబద్ధమాడదు. మొదటి ప్రయోగం తెలుగు వాక్యంతో చేయండి. ఐత్వం, వత్తు, కనబడని గుర్తు, అంకెలు అన్నీ ఉన్న వాక్యంతో. చివరగా, పత్రం ప్రతి ఒకటి మీ దగ్గర దాచుకోండి. సంస్థలు పుటలు తీసేస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవు అన్నిటినీ పట్టుకోలేదు.

"ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే అన్నీ చెబుతుంది కదండీ" అంటారు. చెబుతుంది. లేని ఏపీఐని కూడా ఉన్నంత నమ్మకంగా చెబుతుంది. ఎప్పుడో మూసేసిన తూముకు తాళంచెవి చేసి ఇస్తుంది. దాన్ని వాడుకోండి, కానీ అది చెప్పిన ప్రతి పేరునూ మూలపత్రంలో వెతికి చూసుకోండి. పైగా అది చెప్పేది లోకంలో ఎవరో రాసిపెట్టినదాన్ని చదివే. తెలుగు సందేశానికి 70 ఎందుకో, ఐత్వం రెండు రకాలుగా ఎందుకు వస్తుందో తెలుగులో రాసినవాడు లేకపోతే అది మాత్రం ఎక్కడి నుండి తెస్తుంది?

అందుకే నా విన్నపం ఈ పుట చదివే పాతకాపులకు. ఒకప్పుడు కంప్యూటరుకు తెలుగు నేర్పడం ఎలాగో దశలవారీగా, తెరపట్టులతో సహా రాసింది మనమే. ఆ రాతలు చదివే వేలమంది తెలుగులోకి వచ్చారు. ఇప్పుడు రాయవలసినవి వేరు. మూడు వేల పుటల ప్రమాణాలను అనువదించమని అడగడం లేదు. అది ఎవరి వల్లా కాదు, ఎవరూ చదవరు. తెలుగు సందేశం పంపేవాడికి ప్రత్యేకంగా తగిలే రాళ్ళను మాత్రం ఒక్కొక్కటిగా, ఒక్కో పుటలో రాసిపెడదాం. ఎస్సెమ్మెస్సు లెక్క ఒక పుట. నమూనాల నమోదు ఒక పుట. వరద హెచ్చరికలో భాష గుర్తు ఒక పుట. తెలుగు పరీక్షా వాక్యాలు ఒక పుట. ప్రతిదాని కింద తేదీ, ఏ మూలపత్రంలో ఏ భాగం చూసి రాశామో వివరం. మారినప్పుడు పాతదాన్ని చెరిపేయకుండా కొత్తది రాద్దాం.

ఎస్సెమ్మెస్సు లెక్క నేను మొదలుపెడుతున్నాను. వచ్చే వారానికి ఇక్కడే ఉంటుంది. నమూనాల నమోదుతో కుస్తీ పట్టినవారు మీలో ఉంటే ఆ పుట మీరందుకోండి. వచ్చే జులైలోగా, గోదారికి ఎర్రనీరు రాకముందే, వరద పుట పూర్తి కావాలి.